పాత నోట్ల పెట్టె: యుద్ధకాలపు సైనిక నోట్లపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. పరాయి సైన్యం ఒక దేశాన్ని పట్టుకున్నాక అక్కడి జనం చేతికి అంటగట్టిన నోట్లు అవి. కొందరు ఫొటోలు జత చేశారు. ఫొటో మసకగా ఉన్నచోట మేం తీర్పు చెప్పలేదు, ఇంట్లో మీరే ఎలా చూసుకోవాలో చెప్పాం. ధర ఎంత అని అడిగినవాళ్లే ఎక్కువ. కానీ నోటు ఏదో తేలకుండా ధర మాట్లాడితే మోసపోయేది అడిగినవాళ్లే. అందుకే గుర్తుపట్టడం దగ్గర మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: మా తాత సందూకులో ఒక నోటు దొరికింది. మీద ఇంగ్లిషులో ‘ద జపనీస్ గవర్నమెంట్’, ‘టెన్ రూపీస్’ అని ఉంది. దేశం పేరు లేదు, సంవత్సరం లేదు, సంతకం లేదు. జపాన్‌లో రూపాయలు ఎక్కడివండీ? ఇది అసలు నోటేనా, పిల్లలు ఆడుకునేదా?
— పాఠకుడు, కాజీపేట

జవాబు: ఆట నోటు కాదు. మీరు చెప్పిన గుర్తులన్నీ బర్మా (ఇప్పటి మయన్మార్) కోసం జపాన్ అచ్చువేసిన ఆక్రమణ నోటువి. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌ను పట్టుకుంది. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి అక్కడి బజారులో నడిచే లెక్క రూపాయే. జనానికి అలవాటైన లెక్కలో నోటు ఇస్తేనే చేతులు మారుతుందని జపాన్‌కు తెలుసు. అందుకే ఏ దేశానికి ఆ దేశపు పేరుతోనే డబ్బు అచ్చువేసింది. బర్మాకు రూపాయి, మలయాకు (ఇప్పటి మలేషియా, సింగపూర్ ప్రాంతం) డాలర్, ఫిలిప్పీన్స్‌కు పెసో, ఇప్పటి ఇండోనేషియా అయిన డచ్ వాళ్ల ఇండీస్‌కు గిల్డర్, పసిఫిక్ దీవులకు షిల్లింగు, పౌండు.

దేశం పేరు లేకపోయినా దేశం గుర్తు ఉంది. మామూలు నోటు మీద సీరియల్ నంబరు ఉండే చోట చూడండి. రెండు మూడు ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. వాటిలో మొదటిది ‘బి’ అయితే బర్మా, ‘ఎం’ అయితే మలయా, ‘పి’ అయితే ఫిలిప్పీన్స్, ‘ఎస్’ అయితే డచ్ ఇండీస్, ‘ఓ’ అయితే పసిఫిక్ దీవులు. రెండో అక్షరం అచ్చు విడతను చెబుతుంది. కొన్నిటి మీద ఈ అక్షరాలు భిన్నంలాగా పైన ఒకటి, గీత కింద రెండుగా ఉంటాయి. అప్పుడు గీత పైన ఉన్నదే దేశం గుర్తు.

ఈ అక్షరం చూడకుండా చిన్న విలువల నోట్ల జోలికి పోకండి. బర్మా రూపాయిని అప్పుడు నూరు సెంట్లుగా లెక్కపెట్టారు. మలయాకూ సెంట్లే, డచ్ ఇండీస్‌కూ సెంట్లే. మూడూ బొమ్మలు లేని అల్లిక గీతల నోట్లే కాబట్టి ఫొటోలో ఒకదాన్ని ఇంకొకటి అనుకుని కొనేవాళ్లు చాలామంది. మీ పది రూపాయల నోటు మీద కుడివైపు గుడి బొమ్మ ఉండాలి. అది పగాన్‌లోని ఆనంద ఆలయం. చిన్న జపాన్ అక్షరాలు, ఆ దేశపు ఆర్థిక మంత్రి ముద్ర కూడా ఉంటాయి, భూతద్దంతో వెతకండి.

ప్రశ్న: నా దగ్గర మలయా నోట్లు రెండున్నాయి. రెండూ పది డాలర్లవే, రెంటి మీదా అరటి చెట్టే. ఒకదాని మీద అక్షరాల పక్కన అంకెలు కూడా ఉన్నాయి, రెండోదాని మీద అక్షరాలే. అంకెలు లేనిది నకిలీదా?
— పాఠకురాలు, హన్మకొండ

జవాబు: నకిలీది కాదు. మొదట్లో వచ్చిన నోట్లకు సీరియల్ నంబరు వేశారు. తర్వాత నోటు అవసరం పెరిగిపోయి నంబరు వేయడమే మానేశారు. నంబరు లేని డబ్బు ఎంత అచ్చయిందో లెక్క కట్టే దారి జనానికి లేకుండా పోయింది, దొంగ నోట్లు వేసేవాళ్లకు పని తేలికయింది, ధరలు మండిపోయాయి. మలయాలో వెయ్యి డాలర్ల నోటు దాకా పోయింది వ్యవహారం. దాని మీద ఎద్దుబండి బొమ్మ ఉంటుంది. సింగపూర్ జనం ఈ డబ్బునంతా ‘అరటి డబ్బు’ అని పిలిచింది మీ దగ్గరున్న పది డాలర్ల నోటు మీది చెట్టును చూసే.

సేకరణలో అంకెలున్నదే అరుదు, దాని ధర వేరు. రెంటినీ ఒకే కవరులో పెట్టకండి. వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకుని కూడా చూడండి. కొన్ని అచ్చుల కాగితంలో పువ్వు ఆకారపు నీటిగుర్తు కనిపిస్తుంది, కొన్నిటిలో సన్నని పట్టు పోగులు ఉంటాయి, కొన్నిటిలో రెండూ ఉండవు. నోట్ల కేటలాగులో ఒక్కో రకానికి ఇచ్చే నంబరును పిక్ నంబరు అంటారు, ఒకే పిక్ నంబరు కింద చిన్న అక్షరాలతో విడగొట్టేది ఈ తేడాలనే. అమ్మేవాళ్లు చాలాసార్లు నంబరు మాత్రం చెప్పి ఆ చిన్న అక్షరం చెప్పరు. అడిగి తీరాలి, ధర అంతా అక్కడే ఉంది.

ప్రశ్న: జపాన్ వంద రూపాయల నోటు ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఒకాయన ఫోన్ చేసి ఆరు లక్షలకు కొంటానన్నాడు. ముందుగా రిజిస్ట్రేషన్, జీఎస్టీ కింద కొంత పంపమంటున్నాడు. రిజర్వ్ బ్యాంకు కాగితం కూడా చూపించాడు.
— పాఠకుడు, నర్సంపేట

జవాబు: ఒక్క రూపాయి కూడా పంపకండి. పాత నోట్ల, నాణేల అమ్మకాల్లో తన పేరు వాడుకుని ఫీజులు, పన్నులు అడుగుతున్నారని, తాము అలాంటి వ్యవహారం చేయమని, ఎవరికీ అనుమతి ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక నోటు సంగతి. యుద్ధం ముగిసేసరికి ఈ నోట్లు కట్టలు కట్టలుగా మిగిలిపోయాయి. తిరిగివచ్చిన బ్రిటిష్ వాళ్లు వాటిని చెల్లనివ్వలేదు, జపాన్ మార్చి ఇవ్వలేదు. ఖర్చు కాని కట్టలు అలాగే సందుకల్లో, గోదాముల్లో ఉండిపోయాయి. ఎనభై ఏళ్లు దాటినా మడత పడని నోట్లు ఇప్పటికీ దొరకడానికి కారణం అదే. అక్షరాలు మాత్రమే ఉన్న మామూలు బర్మా నోటు వెల వందల్లో ఉంటుంది, లక్షల్లో కాదు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన ధర చూసి అంచనా వేయకండి, అమ్ముడుపోయిన ధరే ధర. వేలం సంస్థల పాత ఫలితాలు ఉచితంగానే చూడొచ్చు.

ప్రశ్న: ఆరో జార్జి బొమ్మ ఉన్న మన రిజర్వ్ బ్యాంకు ఐదు రూపాయల నోటు మీద ఎర్ర సిరాతో ‘మిలిటరీ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ బర్మా, లీగల్ టెండర్ ఇన్ బర్మా ఓన్లీ’ అని అచ్చువేసినది ఒకటి అమ్మకానికి వచ్చింది. మామూలు నోటుకు నాలుగైదు రెట్లు చెబుతున్నారు. కొనొచ్చా?
— పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఈ రకం నిజంగా ఉంది. 1945లో బర్మాను తిరిగి తీసుకున్నప్పుడు బ్రిటిష్ సైనిక పాలన ఇండియా నోట్ల మీదే ఈ ఓవర్‌ప్రింట్ వేసి అక్కడ చెలామణీ చేసింది. రూపాయి, ఐదు, పది, వంద రూపాయల్లో వచ్చాయి. మోసానికి ఇంత అనువైన రకం ఇంకొకటి లేదు. నోటు అసలుదే, కాగితం అసలుదే, నీటిగుర్తు అసలుదే. తర్వాత వేసిన ఆ ఎర్ర అక్షరాలే దొంగవి. కాబట్టి నోటును పరీక్షించి లాభం లేదు, సిరాను పరీక్షించాలి.

పది రెట్లు చూపించే చిన్న భూతద్దం తీసుకోండి, వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేది కూడా సరిపోతుంది. ఎర్ర అక్షరం మీదుగా పోయే మడత ఎక్కడుందో వెతకండి. అసలు ఓవర్‌ప్రింట్ నోటు జనంలోకి పోకముందే పడింది, మడతలు ఆ తర్వాత వచ్చాయి. కాబట్టి మడత వెంట కాగితపు నారలు రేగినచోట ఎర్ర సిరా కూడా వాటితోపాటే లేచిపోయి, తెల్లటి సన్న గీత కనిపించాలి. దొంగ ఓవర్‌ప్రింట్‌లో సిరా మడత పగులులోకి దిగి ఉంటుంది, రేగిన నారల కొసలకూ ఎరుపు అంటి ఉంటుంది. ఈ ఒక్క గుర్తు పట్టుకోగలిగితే సగం దొంగ సరుకు అక్కడే ఆగిపోతుంది.

తర్వాత పిన్ను రంధ్రాలు చూడండి. అప్పట్లో మన బ్యాంకులు నోట్ల కట్టలకు పిన్నులు కొట్టేవి కాబట్టి రంధ్రాలుండటం లోపం కాదు, మామూలే. ఏదైనా రంధ్రం ఎర్ర అక్షరానికి తగులుతుంటే దాని అంచును చూడండి. లోపలి అంచు కూడా ఎర్రగా ఉంటే రంధ్రం పడ్డాకే సిరా పడింది. మురికి మరకనూ అలాగే చూడాలి. మరక మీద సిరా ఉందా, సిరా మీద మరక ఉందా? అక్షరాల చుట్టూ సన్నని కాళ్లలాగా సిరా పాకి ఉంటే అది రబ్బరు స్టాంపు పని, రంగు చుక్కలుగా విడిపోయి కనిపిస్తే కంప్యూటర్ ప్రింటర్ పని.

అసలే మడత పడని నోటైతే పైవేవీ పనికిరావు. అప్పుడు అక్షరాల ఆకారం, వరుసల మధ్య ఎడం, నోటు మీద అవి పడ్డ చోటు, ఈ మూడింటినీ పేరున్న వేలం సంస్థ ఫొటోతో పక్కపక్కన పెట్టి కొలవాలి. ఫొటోను నోటు అసలు కొలతకు తెచ్చి ప్రింటు తీసుకుంటే స్కేలుతోనే తేలిపోతుంది. అమ్మేవాళ్లు దగ్గరగా తీసిన ఫొటో పంపడానికి ఇష్టపడకపోతే ఆ బేరం వదిలేయండి. 1947 నాటి ‘బర్మా కరెన్సీ బోర్డు’ ఓవర్‌ప్రింట్‌కూ ఇవే పరీక్షలు.

ప్రశ్న: నేతాజీ బొమ్మతో ఆజాద్ హింద్ బ్యాంకు లక్ష రూపాయల నోటు అని ఒకటి అమ్ముతున్నారు. రంగులు బాగున్నాయి. సైనిక నోట్ల సేకరణలో పెట్టుకోవాలని ఉంది.
— పాఠకుడు, పరకాల

జవాబు: ఆ బ్యాంకు 1944 ఏప్రిల్‌లో రంగూన్‌లో మొదలైన మాట నిజం. ఆ పేరుతో ఇప్పుడు బజారులో తిరుగుతున్న కాగితాల్లో ఎక్కువ భాగం ఆ కాలానివి కావు. ఆ చరిత్ర మీద మనకున్న గౌరవాన్నే పెట్టుబడిగా చేసుకుని అచ్చు వేస్తున్నారు, అది మాకు చాలా బాధ కలిగించే సంగతి. యూవీ టార్చి కింద పెట్టి చూడండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు కాగితం మిల్లుల్లో మామూలు వాడుకలోకి వచ్చింది ఆ యుద్ధం తర్వాతే. చీకటి గదిలో కాగితం నీలం తెలుపుగా వెలిగిపోతే అది 1944 కాగితం కాదు. వెలగనంత మాత్రాన అసలుదని కాదు, పాత పుస్తకాల ఖాళీ పేజీల మీద అచ్చువేసేవాళ్లూ ఉన్నారు. ఉతికిన బట్టలో మడిచి పెట్టిన అసలు నోటుకు సబ్బు పొడి అంటి అక్కడక్కడ మెరవడమూ ఉంది. మొత్తం ఒకే తీరుగా వెలుగుతోందా, మచ్చలుగానా అన్నది చూసుకోవాలి.

ఎవరి ఇంట్లో నుంచి, ఏ కాగితాలతోపాటు వచ్చిందో చూపించలేని ఆజాద్ హింద్ నోటు కొనవద్దనే మా సలహా.

ప్రశ్న: 1948 పోలీసు యాక్షన్ తర్వాత మన దగ్గర మిలిటరీ గవర్నర్ పాలన నడిచింది కదా. అప్పుడు మిలిటరీ నోట్లు వచ్చాయా? ఒక దుకాణదారు ‘మిలిటరీ హాలీ’ అని చెప్పి అమ్మబోయాడు.
— పాఠకుడు, జనగామ

జవాబు: రాలేదు. అలాంటి రకమే లేదు. మిలిటరీ గవర్నర్ జనరల్ చౌదరి పాలనలో కూడా నిజాం కాలపు హాలీ సిక్కా, ఇండియా రూపాయి పక్కపక్కనే నడిచాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయలు. హాలీని 1950ల్లో నెమ్మదిగా వెనక్కి తీసుకున్నారు. ఉర్దూ, ఇంగ్లిషుతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడంలో కూడా విలువ రాసిన ఆ నోట్లు వాటంతట అవే విలువైనవి. వాటికి లేని పేరు తగిలించి ఎక్కువ ధర చెబితే మాత్రం లేచి వచ్చేయండి.

ప్రశ్న: వానాకాలం వచ్చిందంటే ఆల్బం లోపల నోట్లు కవరుకు అతుక్కుంటున్నాయి. కొన్నిటి మీద జిడ్డులాగా కనిపిస్తోంది. బీరువాలో కలరా ఉండలు వేశాను, వేపాకు కూడా పెట్టాను. ఇంకేం చేయాలి?
— పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు ఆ ఆల్బం మార్చండి. ఆ జిడ్డు వాన వల్ల వచ్చింది కాదు, ప్లాస్టిక్‌లోంచి వచ్చింది. చౌక ఆల్బం పేజీలు పీవీసీవి. మెత్తగా ఉండటానికి అందులో కలిపిన నూనెలాంటి పదార్థం వేడికి బయటికి వస్తుంది, పోనుపోను ఆమ్లం కూడా పుడుతుంది. మన ఏప్రిల్, మే ఎండలకు బీరువా లోపల అది తొందరగా జరుగుతుంది, జూలై ముసురులో మీ కంటికి కనిపిస్తుంది.

పేజీ పీవీసీనో కాదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఒక జానెడు రాగి తీగ తీసుకుని ఒక కొనకు కర్ర పిడి కట్టండి. రెండో కొనను గ్యాసు మంటలో పచ్చరంగు రాకుండా పోయేదాకా కాల్చండి. ఎర్రగా కాలిన ఆ కొనను పనికిరాని పేజీ ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే పీవీసీ. కిటికీ తెరిచి చేయండి, ఆ పొగ పీల్చకూడదు, చిటికెడు ముక్క చాలు. నోటు ఉన్న కవరుతో మాత్రం చేయొద్దు.

కొత్తగా కొనేటప్పుడు పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లు అడగండి. పాలియెస్టర్‌నే మైలార్ అని అమ్ముతారు, గాజులాగా స్వచ్ఛంగా, కాస్త బిరుసుగా ఉంటుంది. కవరు నోటుకన్నా నాలుగు వైపులా మూడు నాలుగు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి. బిగుతు కవరులోకి దూర్చేటప్పుడే మూలలు మడతపడతాయి.

అతుక్కున్న నోటును లాగకండి. కవరును రెండు అంచుల వెంట కత్తిరించి తెరవండి, నోటును కదిలించకుండా ప్లాస్టిక్‌నే వెనక్కి మడుస్తూ నెమ్మదిగా ఒలవండి. మొరాయిస్తే ఆపి, పొడి వాతావరణం వచ్చేదాకా అలాగే ఉంచండి. సిరా ప్లాస్టిక్‌కు అంటుకుంటోందని కనిపిస్తే ఇక మీరు ముట్టుకోవద్దు, పాత పత్రాలు బాగుచేసే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.

తేమ సంగతి. కాగితానికి 40 నుంచి 55 శాతం తేమ బాగుంటుంది. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందలకే దొరుకుతుంది, అది లేకుండా ఊహ మీద నడవకండి. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న, మూత బిగుతుగా పట్టే ఐదు లీటర్ల డబ్బా తీసుకోండి. అందులో నోట్లతోపాటు 50 గ్రాముల సిలికా జెల్‌ను బట్ట సంచిలో పెట్టండి. నారింజ రంగు జెల్ కొనండి, తేమ పీల్చాక ఆకుపచ్చగా మారుతుంది. నీలం జెల్‌లో కోబాల్టు ఉంటుంది, అది వంటింటి ఓవెన్‌లో పెట్టేది కాదు. రంగు మారిన నారింజ జెల్‌ను 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి, పూర్తిగా చల్లారాక మళ్లీ వాడుకోవచ్చు. వేసవిలో జెల్ తీసేయండి. అసలే పొడిగాలి, దానికి తోడు జెల్ ఉంటే కాగితం పెళుసుబారి మడత దగ్గర పగులుతుంది.

కలరా ఉండలు ఈరోజే తీసేయండి. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, వాసన కాగితంలో ఉండిపోతుంది. వేపాకు పచ్చిదైతే తేమ, ఎండిందైతే పొడి, రెండూ మరకలే. కాగితాన్ని గీరి తినే వెండిరంగు పురుగులు తేమ ఉన్నచోటే బతుకుతాయి. డబ్బాలో తేమ తగ్గితే అవి వాటంతట అవే పోతాయి. బీరువాను బయటి గోడకు ఆనించకుండా జానెడు దూరం జరపండి, డబ్బాను కింది అరలో పెట్టకండి, అక్కడికే ముందు చెదలు వస్తాయి.

ప్రశ్న: ముడతలు పోవడానికి ఇస్త్రీ చేయొచ్చా? చిరుగుకు సెల్లోటేపు వేసి ఉంది, తుప్పు పట్టిన పిన్ను కూడా ఉంది.
— పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: ఇస్త్రీ వద్దు, నీళ్లు వద్దు, రబ్బరు వద్దు, లామినేషన్ అసలే వద్దు. ఇస్త్రీ చేసిన నోటు మీద అచ్చు చదునై మెరుస్తుంది, అలవాటైన కన్ను ఒక్క చూపులో పట్టేస్తుంది. నోటు స్థితిని పరీక్షించి స్థాయి ఇచ్చే గ్రేడింగ్ సంస్థలు కూడా దాన్ని లోపంగానే రాస్తాయి. టేపును గోటితో లాగితే పై పొర ఊడి వస్తుంది, వదిలేయండి. ఒక్క పిన్ను మాత్రం తీయాలి, తుప్పు పెరుగుతూనే ఉంటుంది. నోటును బల్ల మీద పెట్టి, పిన్ను కాళ్ల కింద పలుచని ప్లాస్టిక్ ముక్క దూర్చి, కాళ్లను నిలువుగా లేపాక వెనకవైపు నుంచి నెట్టండి. పక్కకు తిప్పితే రంధ్రం చిరుగు అవుతుంది. చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకుంటే చాలు, గ్లౌజులతో కాగితం అంచు చేతికి తెలియక చిరుగుతుంది.

ప్రశ్న: మా అన్న గల్ఫ్ నుంచి వచ్చినప్పుడు కువైట్ పాత దీనార్లు, సద్దాం బొమ్మ ఉన్న ఇరాక్ 250 దీనార్లు తెచ్చిండు. బ్యాంకులో మారుతాయా? ఇవి కూడా సైనిక నోట్లేనా?
— పాఠకురాలు, జగిత్యాల

జవాబు: రెండూ మారవమ్మా. కానీ కువైట్ నోట్ల వెనక మంచి కథ ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది, అక్కడి కేంద్ర బ్యాంకులోని నోట్లను ఎత్తుకుపోయింది. 1991లో దేశం బయటపడగానే కువైట్ ఆ పాత వరుస మొత్తాన్ని రద్దు చేసి, రంగులు మార్చి కొత్త నోట్లు తెచ్చింది. దోపిడీలో పోయిన కట్టల నంబర్ల ముందు భాగం ఏవేవో కేటలాగులో విడిగా ఇచ్చారు. మీ నోట్ల నంబరును దానితో సరిచూడండి. మడత లేని కొత్త నోట్లయితే ఎక్కువగా ఆ దోచిన సరుకే. సైన్యం అచ్చువేసిన నోట్లు కాకపోయినా ఆక్రమణ చరిత్రలో భాగమే, సేకరణలో పెట్టుకోవచ్చు.

సద్దాం నోట్లను 2003 అక్టోబరు 15 నుంచి మూడు నెలలపాటు కొత్త దీనార్లకు మార్చారు, ఒకటికి ఒకటి. ఉత్తర ఇరాక్‌లో కుర్దులు వాడుకున్న అంతకు ముందటి ‘స్విస్ దీనారు’కు మాత్రం ఒక్కదానికి 150 కొత్తవి ఇచ్చారు. గడువు అయిపోయాక 250 నోటు గుర్తుగా దాచుకునే కాగితమే. ఇరాక్ దీనారు ఒక్కసారిగా పెరుగుతుందని చెప్పి కొత్త ఇరాక్ నోట్లను కట్టలుగా అమ్మేవాళ్లు ఉన్నారు, గల్ఫ్ డబ్బు ఉన్న ఇళ్లను చూసి వస్తారు. మీ అన్నకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: జర్మనీలో మిత్రరాజ్యాలు వేసిన 1944 మార్కు నోట్లు నాలుగు కొన్నాను. అమెరికావి, రష్యావి వేరువేరట. ఎలా తెలుస్తుంది?
— పాఠకుడు, రామగుండం

జవాబు: సీరియల్ నంబరు ముందు చిన్న అడ్డగీత ఉంటే సోవియట్ అచ్చు. ముందువైపు అల్లిక చిత్రంలో కంటికి ఆననంత చిన్న ‘ఎఫ్’ అక్షరం దాగి ఉంటే అమెరికాలో బోస్టన్ నగరపు ఫోర్బ్స్ కంపెనీ అచ్చు. భూతద్దం తప్పదు. 1948 జూన్‌లో అక్కడి డబ్బు మార్చేదాకా రెండూ కలిసే చెల్లాయి.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. నెలకు మూడు నాలుగు వందలు పెట్టగలను. ఈ సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి?
— పాఠకుడు, హన్మకొండ

జవాబు: బర్మాతో మొదలుపెట్టండి. అన్ని దేశాలవీ ఒక్కొక్కటి పోగుచేస్తే ఏదీ చెప్పని గంప అవుతుంది. బర్మా ఒక్కటీ పట్టుకుంటే పదేళ్లలో ఒక దేశం ఎంతమంది చేతుల్లోకి మారిందో నోట్లే వరుసగా చెబుతాయి. పైగా ఆ వరుస మన ఇండియా నోటుతో మొదలవుతుంది.

మొదటి మెట్టు జపాన్ వరుస, తొమ్మిది నోట్లు. 1, 5, 10 సెంట్లు, పావు రూపాయి, అర రూపాయి, 1, 5, 10, 100 రూపాయలు. ఇవి మడత లేనివి కొనండి. సరుకు దండిగా ఉన్న రకంలో నలిగినది కొంటే తర్వాత ఎవరూ తీసుకోరు. తొమ్మిదీ కలిపి సెట్టుగా అమ్మితే ఒక్కొక్కదాన్నీ విడిగా చూపించమనండి. సెట్ల మధ్యలో ఒకటి రెండు మరకల నోట్లు ఇరికించడం మామూలే, అంచులు కత్తిరించి చదును చేసినవీ వస్తాయి. నాలుగు వైపులా తెల్ల అంచు సమానంగా ఉందా, పక్క నోటు కొలతతో సరిపోతుందా చూడండి.

రెండో మెట్టు, ఆ వరుసలో తొలి విడత అచ్చు ఒక్కటైనా. మూడోది జపాన్ నీడలో బర్మాను నడిపిన నాయకుడు బా మా ప్రభుత్వం 1944లో బర్మా స్టేట్ బ్యాంకు పేరుతో తెచ్చిన నెమలి బొమ్మ క్యాట్ (బర్మా సొంత డబ్బు) నోట్లు. 1945లో వచ్చిన వంద క్యాట్ల నోటు మీద బా మా ముఖమే ఉంటుంది. జపాన్ చేతి కింద ప్రకటించిన స్వాతంత్ర్యపు గుర్తులవి, వాటిని పక్కన పెట్టకుండా జపాన్ వరుస అర్థం కాదు. నాలుగోది కరీంనగర్ పాఠకుడు అడిగిన 1945 ఓవర్‌ప్రింట్. దానికి తొందరపడకండి. ముందు మామూలు ఆరో జార్జి ఐదు రూపాయల నోటు నలిగినదొకటి చౌకగా కొని, ఆ కాగితం, ఆ సిరా, ఆ పిన్ను రంధ్రాలు చేతికీ కంటికీ అలవాటు చేసుకోండి. ఆ తర్వాత ఓవర్‌ప్రింట్ చూస్తే తేడా దానంతట అదే తెలుస్తుంది.

కొనడానికి హైదరాబాద్‌లో జరిగే నాణేల ప్రదర్శనలే మంచివి. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. భూతద్దం, యూవీ టార్చి, మీ దగ్గరున్న నోట్ల జాబితా జేబులో పెట్టుకెళ్లండి. పోస్టులో తెప్పించుకుంటే నోటుకన్నా చుట్టూ రెండు సెంటీమీటర్లు పెద్దవైన రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపమనండి. టేపు అట్టలకే అంటాలి, కవరుకు కాదు. పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, మూల విరిగి వస్తే మాటకు మాట లేకుండా అదే సాక్ష్యం.

ప్రశ్న: ఫిలిప్పీన్స్ పెసో నోటు వెనక ఊదారంగు స్టాంపు ఉంది, ‘జాప్‌వాన్‌క్యాప్’ అని చదవగలిగాను. చెరిపిస్తే ధర పెరుగుతుందా?
— పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: ముట్టుకోకండి. జపాన్ యుద్ధ నోట్లకు పరిహారం రాబట్టాలని యుద్ధం తర్వాత ఫిలిప్పీన్స్‌లో ఏర్పడిన సంఘం ముద్ర అది. జనం దగ్గర నోట్లు పోగుచేసి ముద్ర వేసింది, పరిహారం మాత్రం రాలేదు. చెరిపితే కాగితం పాడవుతుంది, నోటు మీద మిగిలిన ఆ కాస్త సాక్ష్యమూ పోతుంది. ‘కో ప్రాస్పెరిటీ స్ఫియర్, వాట్ ఈజ్ ఇట్ వర్త్’ అని, అంటే జపాన్ చెప్పుకున్న ‘ఉమ్మడి సంపద మండలం’ విలువెంత అనే ఎగతాళి మాట, అడ్డంగా నల్లగా అచ్చువేసిన పెసో ఎదురైతే అది వేరే రకం. అమెరికా సైన్యం జపాన్ నోట్ల మీదే అచ్చు వేయించి ప్రచారానికి వాడింది. చౌక నోటు మీద నాలుగు మాటలు అచ్చువేస్తే ధర పెరిగిపోతుంది కాబట్టి దానికీ నకిలీలు ఎక్కువే. మడత మీద సిరాను చూసే పద్ధతి అక్కడా వాడండి.